డిలీట్ కొట్టేముందు మమ్మల్ని అడిగారా?

ఫోన్లో ‘స్టోరేజ్ ఫుల్’ అని రాగానే మనం ఏం చేస్తాం? గుడ్ మార్నింగ్ ఫొటోలు తీసేస్తాం. ఎవరిదో పెళ్లి వీడియో తీసేస్తాం. అమ్మ పంపిన వాయిస్ మెసేజ్ మాత్రం ఉంచుకుంటాం. ఏది ఉండాలో, ఏది పోవాలో మనకో లెక్క ఉంటుంది. ఫోన్ మనది, అందులోవి మనవి. ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

అదే పని ఒక ప్రభుత్వ ఆఫీసు చేస్తే? వెబ్‌సైట్లో పెట్టిన లిస్టు, ఆఫీసర్లు రాసుకున్న ఈమెయిళ్లు, వాట్సాప్ గ్రూపులో ఇచ్చిన ఆదేశాలు... ఇవన్నీ ఎన్నాళ్లు ఉంచాలి? ఎవరు తీసేయొచ్చు? బోరింగ్ సబ్జెక్టు అనుకుని స్క్రోల్ చేసేయకండి. ఇది మీ ఉద్యోగం, మీ పొలం, మీ ఇంట్లోవాళ్ల పింఛనుకు సంబంధించిన గొడవ.

ట్రంకు పెట్టె, ఫోన్ గ్యాలరీ

మాది పల్నాడు జిల్లా నకరికల్లు. డిగ్రీ చదివి ఇంటి దగ్గరే ఉండి పోటీ పరీక్షలకు ప్రిపేరవుతున్నా. మా వీధిలో ఎవరికి ఏ ఆన్‌లైన్ పని పడ్డా మా గుమ్మం ముందు నిలబడతారు. “అమ్మాయ్, ఇదేందో మెసేజ్ వచ్చింది, కాస్త చూడు” అని ఫోన్ చేతిలో పెడతారు. రైతుల మెసేజ్‌లు, పింఛను లిస్టులు, స్కాలర్‌షిప్ స్టేటస్‌లు... ఒక రకంగా మా అరుగు చిన్నపాటి మీసేవ.

మా తాతయ్యకి ఫోన్‌తో పనిలేదు. ఆయనకో ఇనప ట్రంకు పెట్టె ఉంది. శిస్తు రసీదులు, పాత పాసు పుస్తకం, సొసైటీలో అప్పు తీర్చిన కాగితం, ఎప్పటివో కరెంటు బిల్లులు అన్నీ అందులోనే. “ఈ చెత్తంతా ఎందుకు తాతయ్యా?” అంటే, “నువ్వు కట్టలేదని రేపొకడు వస్తాడు. అప్పుడు వాడి మొహాన పెట్టాలిగా” అంటాడు.

తాతయ్య లెక్కలో ఒక కిటుకు ఉంది. ఆయన రోజుల్లో ఆఫీసు దగ్గర ఒక కాగితం, మన దగ్గర ఒక కాగితం ఉండేవి. వాళ్లది పోయినా మనది మిగిలేది. మన రోజుల్లో? ఆఫీసు దగ్గర పేజీ ఉంటుంది, మన దగ్గర లింకు ఉంటుంది. వాళ్లు పేజీ తీసేస్తే మన లింకు ఉత్తదే. రెండో కాపీ అనేదే లేకుండా పోయింది. అందుకే ఆఫీసు ఎన్నాళ్లు ఉంచుతుందన్న ప్రశ్న మన తాతల కంటే మనకే ఎక్కువ అవసరం.

ఆ లింకు వెనకాల

మా పిన్ని కొడుకు ఆ మధ్య ఒక కాంట్రాక్టు ఉద్యోగానికి అప్లై చేశాడు. ఏ ఆఫీసన్నది ఇక్కడ చెప్పను. సెలెక్షన్ లిస్టు వెబ్‌సైట్లో పెట్టారు. వాడి పేరుంది. ఇంట్లో పండగ. జాయినింగ్ ఆర్డరు కోసం మూడు వారాలు ఎదురుచూశాక మళ్లీ అదే లింకు తెరిస్తే వేరే లిస్టు వచ్చింది. పైన తేదీ మారలేదు, ‘సవరించినది’ అన్న ముక్కా లేదు. వాడి పేరు మాత్రం లేదు.

నేనూ వాడూ కలిసి వెళ్లాం. “పాత లిస్టా? అలాంటిదేం లేదే” అన్నారు కౌంటర్లో. వాడు ఫోన్ తీసి స్క్రీన్‌షాట్ చూపించాడు. ఆయన కళ్లద్దాలు సవరించుకుని చూసి, “ఇలాంటివి ఎవరైనా తయారు చేస్తారమ్మా ఈ రోజుల్లో” అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. ఆ మామూలుతనమే నాకు బాగా గుచ్చుకుంది.

లిస్టు మార్చడానికి సరైన కారణమే ఉండొచ్చు. మార్కులు కూడడంలో తేడా వచ్చిందేమో, రోస్టర్ లెక్క తప్పిందేమో. పాత లిస్టు, కొత్త లిస్టు రెండూ పక్కపక్కన ఉండి, ఎందుకు మార్చారో రెండు లైన్లు రాసి ఉంటే మావాడు ఏడ్చి ఊరుకునేవాడు. లేదా కోర్టుకు వెళ్లేవాడు. రెండిటికీ ఆధారం లేకుండా పోయింది. పేరు పోవడం ఒక నష్టమైతే, పేరు ఉండేదన్న నిజం కూడా పోవడం ఇంకో నష్టం.

మూడేళ్ల చీకటి

ఇది ఒక చిన్న ఆఫీసు సంగతి. రాష్ట్రం మొత్తానికి ఇలాంటిదే జరిగింది, గుర్తుందా?

ప్రభుత్వం ఏ నిర్ణయం తీసుకున్నా జీవో ఇవ్వాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2008 నుంచి ఆ జీవోలను ఒక వెబ్‌సైట్లో పెట్టేవాళ్లు. విలేకరులే కాదు, బదిలీ కోసం చూసే టీచరు, బిల్లు కోసం చూసే చిన్న కాంట్రాక్టరు, భూసేకరణ నోటీసు అందుకున్న రైతు... ఎవరైనా నంబరు కొట్టి చూసుకునేవాళ్లు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను అందులో పెట్టడం ఆపేసింది. విమర్శలు వచ్చాక ఈ-గెజిట్ అని వేరే సైటు పెట్టారు, అందులోనూ అన్నీ కాదు, కొన్నే. హైకోర్టులో పిటిషన్లు పడ్డాయి. ప్రభుత్వం మారాక, 2024 ఆగస్టు చివర్లో పాత పోర్టల్‌ని మళ్లీ తెరిచారు. అంటే మూడేళ్లు.

తమాషా ఏంటంటే, అదే 2021 ఆగస్టులో తెలంగాణ హైకోర్టు అక్కడి ప్రభుత్వానికి సరిగ్గా వ్యతిరేకంగా చెప్పింది. జీవో ఏదైనా సరే 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని. ఒకే నెల, ఒకే భాష, పక్కపక్క రాష్ట్రాలు. ఒకచోట తలుపు వేస్తుంటే ఇంకోచోట తియ్యమంటున్నారు.

అక్కడా కథ సుఖాంతం కాలేదు. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో ప్రభుత్వం మారింది. పాత పదేళ్ల కాలపు వెబ్‌సైట్లు, సోషల్ మీడియా ఖాతాల్లోని సమాచారం కనబడకుండా పోతోందని, దాన్ని ఆర్కైవ్‌లో భద్రపరచాలని కేటీఆర్ 2024లో ప్రధాన కార్యదర్శికి లేఖ రాశారు. పార్టీల గొడవ పక్కన పెట్టండి. ఒక ముఖ్యమంత్రి పేరుతో నడిచిన ప్రభుత్వ ఖాతా పార్టీదా, ప్రజలదా? జీతాలు మన పన్నుల నుంచే వచ్చినప్పుడు ఆ పోస్టులూ మనవే. ఓడినవాళ్లు వెళ్లేటప్పుడు కుర్చీలు పట్టుకెళ్లకూడదన్నట్టే, గెలిచినవాళ్లు పాత పేజీలు తుడిచేయకూడదు.

కాగితమైతే భద్రమా అంటే అదీ లేదు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి రెవెన్యూ ఫైళ్లు కాలిపోయాయి. రాష్ట్రమంతా ఉలిక్కిపడింది, విచారణలు మొదలయ్యాయి. నాకు అప్పుడు ఒకటే అనిపించింది. ఫైలు కాలితే పొగ వస్తుంది, వాసన వస్తుంది, పోలీసులు వస్తారు. వెబ్‌పేజీ పోతే ఏమీ రాదు. ‘404’ అని ఒక అంకె వస్తుంది, అంతే.

అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో ఒక లెక్క చెప్పింది. 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోవడం లేదట. అంటే ఎవరూ కావాలని చెరపకపోయినా ఇంటర్నెట్ తనంతట తానే చెదలు పట్టిపోతుంది. ఉంచాలని ఎవరో ఒకరు గట్టిగా అనుకుంటేనే ఏదైనా ఉంటుంది.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం ఉంది. కంప్యూటర్‌లో తయారైనదీ పబ్లిక్ రికార్డే అని అప్పుడే రాశారు. 25 ఏళ్లు దాటిన రికార్డును పరిశీలించకుండా ధ్వంసం చేయకూడదు. చట్టవిరుద్ధంగా నాశనం చేస్తే ఐదేళ్ల వరకు జైలు. చదవడానికి ఎంత బాగుందో! కానీ అది కేంద్ర ప్రభుత్వానికీ, కేంద్రపాలిత ప్రాంతాలకూ, వాటి సంస్థలకే. మన మండలాఫీసు దాని కిందికి రాదు.

మనకు వర్తించేది 2005 నాటి సమాచార హక్కు చట్టం. అందులో ‘సమాచారం’ అంటే ఈమెయిళ్లు కూడా అని స్పష్టంగా ఉంది. రికార్డులను వరుసలో పెట్టి, సూచిక రాసి ఉంచాలనీ ఉంది. ఎన్నాళ్లు ఉంచాలన్నది మాత్రం అందులో లేదు. లేని వస్తువుని అడిగే హక్కు ఉంటే ఏం లాభం?

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. ఆర్టీఐ కింద అడిగితే జవాబుకు 30 రోజులు. ఇవ్వకపోతే మొదటి అప్పీలు వేయడానికి 30 రోజులు. అది తేలడానికి 45 రోజుల వరకు. రెండో అప్పీలుకు 90 రోజులు. మొత్తం 195. అంటే కమిషన్ గుమ్మం ఎక్కడానికే ఆరు నెలలు దాటొచ్చు. ఇప్పుడు మీ వాట్సాప్ తెరిచి ‘డిసప్పియరింగ్ మెసేజెస్’ చూడండి. 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు. ఒక ఆఫీసు గ్రూపులో వీటిలో ఏది నొక్కినా, మన అర్జీ కమిషన్ దాకా వెళ్లేసరికి మెసేజ్ ఆవిరైపోయి ఉంటుంది. ఎవరూ తప్పు చేయనట్టే ఉంటుంది. సెట్టింగ్ చేసిందండీ అంటారు.

ఇది ఊహ కాదు. కోవిడ్ సమయంలో స్కాట్లాండ్‌కు ఫస్ట్ మినిస్టర్‌గా ఉన్న నికోలా స్టర్జన్ తన వాట్సాప్ మెసేజ్‌లు తీసేశారని బ్రిటన్ కోవిడ్ విచారణలో బయటపడింది. లాక్‌డౌన్ నిర్ణయాలు ఎలా తీసుకున్నారని జనం అడిగే వేళకి ఆ సంభాషణలు లేవు.

మన దగ్గరైతే ప్రభుత్వం సాక్షాత్తూ వాట్సాప్‌లోకే వచ్చేసింది. 2025 జనవరి 30న 161 సేవలతో ‘మనమిత్ర’ మొదలైంది. మంచిదే. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తగ్గింది. మా అరుగు మీద రద్దీ కూడా తగ్గింది. కానీ అక్కడ నేను పెట్టిన అర్జీ, అటునుంచి వచ్చిన జవాబు నా ఫోన్ మారిపోయాక కూడా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఎన్నాళ్లు ఉంటుందన్నది అర్జీ పెట్టేటప్పుడే నాకు చెప్పాలి.

మరి ఎన్నాళ్లు?

నేను ఆలోచించగా ఆలోచించగా ఒకటే కొలత సరైనదనిపించింది. సర్వర్‌లో ఖాళీ ఎంత ఉందన్నది కొలత కాదు. ఏ పార్టీ అధికారంలో ఉందన్నది అసలే కాదు. ఆ నిర్ణయం ఒక మనిషి బతుకు మీద ఎన్నాళ్లు పనిచేస్తుందో, దాని రికార్డు అన్నాళ్లు ఉండాలి.

పొలం, కాలువ, రోడ్డు, ప్రాజెక్టు... ఇవి తరాలు దాటుతాయి. వాటి మీద నడిచిన ఈమెయిళ్లు, జీవోలు శాశ్వతంగా ఉండాలి. ఉద్యోగం 30, 35 ఏళ్లు నడుస్తుంది, పింఛను ఆ తర్వాత. కాబట్టి సెలెక్షన్ లిస్టు, మార్చిన ప్రతి లిస్టుతో సహా, ఆ బ్యాచ్ రిటైరయ్యేదాకా ఉండాలి. పథకం ఇవ్వం పొమ్మన్న జవాబు కనీసం పదేళ్లన్నా ఉండాలి. ‘మీటింగ్ 11 గంటలకి, అందరూ రావాలి’ లాంటివి ఏడాదికి తీసేసినా ఎవరికీ నష్టం లేదు. ఏదైనా కోర్టులోనో, ఆర్టీఐలోనో నలుగుతుంటే మాత్రం గడువు తీరినా ముట్టుకోకూడదు.

ఇదేదో గొంతెమ్మ కోరిక కాదు. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ ‘క్యాప్‌స్టోన్’ అని ఒక పద్ధతి పెట్టింది. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల ఈమెయిళ్లు శాశ్వతం, మిగతా సిబ్బందివి చాలావరకు ఏడేళ్లు. ఒక్కో మెయిల్‌నీ తెరిచి ఉంచాలా వద్దా అని ఎవరూ కూర్చుని చూడక్కర్లేదు, కుర్చీని బట్టి గడువు. మనకి కావలసింది ఇలాంటి ముందే రాసిపెట్టిన లెక్క.

ఈ మాట మా నకరికల్లు కోసం కూడా చెబుతున్నా. 2018 నవంబర్‌లో మా దగ్గరే గోదావరి–పెన్నా అనుసంధానం తొలి దశకు శంకుస్థాపన చేశారు. గోదావరి నీళ్లు సాగర్ కుడి కాలువలో కలుస్తాయన్నారు. ఆ నీళ్లు ఇప్పటికీ రాలేదు. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లా కూడా మారింది, గుంటూరు జిల్లావాళ్లం పల్నాడు జిల్లావాళ్లమయ్యాం. ఇంకో పదేళ్లకి మా ఊరి పిల్ల ఎవరో “ఆ పని ఎందుకు ఆగింది? ఎవరు ఎవరికి ఏం రాశారు?” అని అడిగితే జవాబు ఎక్కడ దొరకాలి? గుంటూరులోనా, నరసరావుపేటలోనా, మూసేసిన ఏదో పోర్టల్‌లోనా? పాత జిల్లా నుంచి కొత్త జిల్లాకి కుర్చీలు, బల్లలు ఎన్ని వచ్చాయో లిస్టు రాస్తారు. ఈమెయిళ్లు ఎన్ని వచ్చాయో కూడా రాయాలి.

దాచడం వేరు, ఆరేయడం వేరు

“అన్నీ ఉంచితే ప్రైవసీ ఏం కావాలి?” అని మీరు అడుగుతారు. అడగాల్సిందే. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో లక్షా 34 వేల మంది ఆధార్ వివరాలు అందరికీ కనిపించేలా ఉన్నాయని బయటపడింది. కులం, మతం, బ్యాంకు వివరాలతో సహా. ఆ పేజీ తీసేయడమే న్యాయం.

అయితే ఉంచడం, చూపించడం రెండూ ఒకటి కాదు. మా తాతయ్య పెట్టెకి తాళం ఉంది. కాగితాలు ఉన్నాయి, వీధిలో ఆరేయలేదు. ఆధార్, ఫోన్ నంబర్లు కొట్టేసిన కాపీ జనానికి, అసలు కాపీ తాళం వెనక. ఎవరు తెరిచారో దానికో రాత. జబ్బుల వివరాలు, చిన్నపిల్లల వివరాలు అవసరం తీరగానే నిజంగానే చెరిపేయాలి. చెరపడం కూడా ఒక బాధ్యతే.

రెండో అభ్యంతరం, ఖర్చు. టైపు చేసిన లక్ష పేజీలు ఒక హెచ్‌డీ సినిమా కంటే తక్కువ చోటులో పడతాయి. స్కాన్ చేసినవైతే ఎక్కువే అనుకోండి. అసలు ఖర్చు చోటుకి కాదు, చూసుకునే మనిషికి. తెలుగుకైతే ఇంకో తిప్పలు ఉంది. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైలుని ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిచి చూశారా? అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఫైలు ఉన్నట్టే, ఉండీ లేనట్టే. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, వెతికితే దొరికేలా పెట్టేవాళ్లు కావాలి. చదువుకుని ఖాళీగా ఉన్న మాలాంటివాళ్లం ఎంతమందిమి లేం?

మూడోది ఆఫీసర్ల మాట. “అన్నీ రికార్డయితే మేం మనసు విప్పి మాట్లాడుకోలేం” అని. అది కొంత నిజం. అందుకే అన్నీ ఈరోజే బయటపెట్టమనడం లేదు. ఇరవై ఏళ్లు దాటితే చాలా మినహాయింపులు వర్తించవని సమాచార హక్కు చట్టమే చెబుతోంది. ఆలస్యంగా చూపించండి, ఒప్పుకుంటాం. లేకుండా చేయొద్దు.

వెబ్‌సైటు మార్చేటప్పుడు ఏం చేయాలో మన పల్నాడుకి ఎవరూ నేర్పక్కర్లేదు. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు ఆ లోయంతా మునుగుతుందని తెలిసి, 1954 నుంచి ఆరేళ్లపాటు తవ్వి, ఇక్ష్వాకుల నాటి శాసనాలను, శిల్పాలను కొండ మీదికి తరలించారు. ఆ తర్వాతే నీళ్లు నింపారు. ఆ నీళ్లే ఇవాళ మా కాలువలో పారుతున్నాయి. పాత పోర్టల్‌ని ముంచేముందు కూడా చేయాల్సింది అంతే. ముందు పైకి తరలించండి, తర్వాత ముంచండి. ముంచినచోట ఒక బోర్డు పెట్టండి: ఏం తీశాం, ఎప్పుడు తీశాం, ఎవరి ఆదేశంతో తీశాం, ఇప్పుడెక్కడ ఉంది.

ఇవన్నీ మనవల్ల ఏం జరుగుతాయిలే అనుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీఐ దరఖాస్తుకి గ్రామస్థాయిలో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఒక తెల్లకాగితం మీద మూడు ప్రశ్నలు రాయండి. మీ ఆఫీసులో ఏ రికార్డు ఎన్నాళ్లు ఉంచాలన్న పట్టిక ఉందా? అందులో ఈమెయిళ్లు, వాట్సాప్ ఆదేశాలు, వెబ్‌సైటు పేజీలు ఉన్నాయా? గత మూడేళ్లలో వెబ్‌సైట్ నుంచి తీసేసినవాటి జాబితా ఇస్తారా?

‘అలాంటి పట్టిక లేదు’ అని జవాబు వస్తే దిగులుపడకండి. సంతకంతో, తేదీతో, కాగితం మీద వచ్చిన జవాబు అది. ఇప్పుడు వాళ్ల దగ్గరొక కాపీ, మన దగ్గరొక కాపీ. పట్టిక రాయించే పని అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.